నోరులేని జీవాల నోటి చరిత్ర

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర ఏదైనా రాసిమ్మని కార్యదర్శిగారు అడిగారు. అమరావతి గురించి, కొండవీడు గురించి, చీరాల-పేరాల ఉద్యమం గురించి రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. ముప్పై మూడేళ్లు పశుసంవర్ధక శాఖలో గుమాస్తాగా కాగితాలు కదిపిన నాకు తెలిసిన చరిత్ర చాలా చిన్నది. అది పశువుల పళ్ల చరిత్ర. మిత్రులు నవ్వుకోవద్దని మనవి. ఎద్దు నోరు చూడటంలో మన గుంటూరు, ప్రకాశం రైతును మించిన పండితుడు లేడు. అదే రైతు తన వాకిట్లో పడుకున్న కుక్క నోరు గానీ, వంటింట్లో తిరిగే పిల్లి నోరు గానీ ఏనాడూ చూడలేదు. ఎందుకు చూడలేదు, చూడనందువల్ల ఏం జరిగింది అన్నదే ఈ వ్యాసం. ఇందులో నా తప్పు కూడా ఒకటుంది. దాన్ని దాచను.

నా చిన్నతనంలో, అంటే 1960 ప్రాంతంలో, మా నాన్నగారు ఎడ్ల బేరానికి సంతకు వెళుతూ నన్ను వెంట తీసుకుపోయేవారు. పత్తి, మిరప వేసే నల్లరేగడిలో నాగలి దిగాలంటే ఒంగోలు జాతి ఎద్దు కావాలి. దాని ధర వేల మీద మాట. నాన్నగారు ముందు కొమ్ములు చూసేవారు కాదు, మూపురం చూసేవారు కాదు. ఎడమ చేత్తో ముక్కుతాడు పట్టి, కుడిచేత్తో కింది పెదవి వంచి పళ్లు చూసేవారు. పశువుకు పై దవడలో ముందుపళ్లు ఉండవు, కింద ఎనిమిదే. సుమారుగా రెండు, రెండున్నరేళ్లకు పాలపళ్లలో నడిమి జత ఊడి పెద్ద పళ్లు వస్తాయి. ఆ తరవాత నాలుగు, ఆరు. అయిదేళ్లకు అటూ ఇటూగా ఎనిమిదీ నిండుతాయి. అక్కడినుంచి అరుగుదలను బట్టి వయస్సు చెప్పాలి. పుట్టినతేదీ ధ్రువపత్రం లేని జీవానికి పళ్లే సర్వీసు రిజిస్టరు. ఆ లెక్క తేలాకే తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం మొదలయ్యేది.

ఈ విద్య ఇంకా పూర్తిగా పోలేదు. సంక్రాంతికి, తిరునాళ్లకు మన పల్లెల్లో జరిగే బండలాగుడు పోటీల కరపత్రం చూడండి. పాలపళ్ల విభాగం, రెండు పళ్ల విభాగం, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని ఎడ్లను వేరు చేసి ఉంటుంది. ట్రాక్టరు వచ్చి నాగళ్లు అటకెక్కినా పళ్ల లెక్క మాత్రం బండ దగ్గర నిలిచింది.

పశువు నోరు, కాళ్లు కనిపెట్టి చూసినందువల్ల మన ప్రాంతం దేశానికే ఒక మేలు చేసింది. 1930ల ఆరంభంలో అప్పటి నెల్లూరు జిల్లా రైతులు తమ ఎద్దులు కీళ్లు బిగుసుకుని నడవలేకపోవడం గమనించారు. మనుషుల్లో ఆ జబ్బు సంగతి తేలింది ఆ తరవాతే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు నెల్లూరు జిల్లాలో పరిశోధన చేసి, మనుషుల పళ్లు గారపట్టి ఎముకలు బిగుసుకోవడానికి తాగేనీటిలోని ఫ్లోరిన్ కారణమని ‘ఇండియన్ మెడికల్ గెజిట్’లో ప్రకటించారు. ఫ్లోరిన్ నీటికి పేరుపడ్డ పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు ఆనాటి నెల్లూరు జిల్లాలోవే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరాయి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. ఫ్లోరిన్ సోకిన పశువు పన్ను మచ్చలు పడి, ఎగుడుదిగుడుగా అరిగిపోతుంది. చన్నీళ్లు తగిలితే జివ్వుమంటుంది గనుక కొన్ని పశువులు మూతి ముంచి తాగలేక కుక్కలాగా నాలుకతో నాకుతాయి. ఆ నాకడం ఎందుకో తెలుసుకున్నవాడికి రోగం తెలిసినట్టే.

మరి కుక్క నోరు ఎవరూ ఎందుకు చూడలేదు? ఒక కారణం డబ్బు. ఎద్దు పొలం దున్నుతుంది, గేదె పాలిస్తుంది. కుక్కకు, పిల్లికి సంతలో ధర లేదు. సర్కారు పశువైద్యశాలలు కూడా ప్రధానంగా పాడికీ సేద్యానికీ పుట్టినవే. మద్రాసు పశువైద్య కళాశాల 1903లోనూ, మన తిరుపతి కళాశాల 1955లోనూ, గన్నవరం కళాశాల 1998లోనూ వచ్చాయి. నేను సర్వీసులో చేరిన కొత్తలో రోజువారీ రిజిస్టరులో ఆవులు, గేదెలు, గొర్రెలు పేజీలకు పేజీలు ఉండేవి. కుక్క పేరు ఎప్పుడో ఒకసారి కనిపించేది, అదీ టీకా కోసమే.

రెండో కారణం భయం. కుక్క నోరంటే మనకు పిచ్చికుక్క గుర్తొస్తుంది. దక్షిణాదిలో పిచ్చికుక్క కాటుకు మందు తయారుచేసే పాశ్చర్ సంస్థ 1907లో కూనూరులో మొదలైంది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదిమందులు వేయించుకున్నవాళ్లు మన సభ్యుల్లోనే ఉండవచ్చు. ఆ పాత పద్ధతి 2004 ఆఖరుకు మన దేశంలో ఆగిపోయి, చేతికి వేసే కొత్త టీకాలు నిలిచాయి. ఆ భయం వట్టిది కాదు. పిచ్చి సోకిన కుక్కకు దవడ వేలాడి, చొంగ కారి, గొంతులో ఎముక అడ్డుపడ్డట్టే కనిపిస్తుంది. జాలిపడి నోట్లో చెయ్యి పెట్టినవాడి ప్రాణానికే ముప్పు. అందుకే టీకా వేయించని కుక్క, ఊరకుక్క చొంగ కారుస్తుంటే దగ్గరకు పోకుండా వైద్యుడికి కబురు చేయాలి. అయితే టీకా వేయించి, ఒళ్లో పెంచిన కుక్క విషయంలోనూ అదే భయాన్ని పట్టుకుని కూర్చోవడం న్యాయం కాదు.

రెండువేల మూడువందల ఏళ్ల కిందటే గ్రీకు దేశపు అరిస్టాటిల్, కుక్క వయస్సును పళ్ల తెలుపును, పదునును బట్టి చెప్పవచ్చని రాశాడు. అయినా కుక్క పళ్లకు వైద్యం ఒక ప్రత్యేక శాఖగా ఎదిగింది ఇరవయ్యో శతాబ్దం చివరి పాతికేళ్లలోనే. అమెరికాలో దానికోసం 1976లో ఒక సంఘం ఏర్పడింది.

ఇక నా తప్పు. మా ఇంట్లో టామీ అనే కుక్క ఉండేది. ప్రతి ఆదివారం మాంసం వండిన రోజున గట్టి ఎముక ఏరి దానికి వేయడం నా సరదా. అది పటపటా కొరుకుతుంటే మనవడితో “చూడరా దాని పళ్ల బలం” అనేవాణ్ణి. 2017లో దానికి తొమ్మిదేళ్లప్పుడు కుడికంటి కింద వాపు వచ్చింది. కంటి జబ్బనుకుని పసుపు పట్టించాను. వాపు చితికి చీము కారి మానింది. రెండు నెలలకు మళ్లీ వచ్చింది. ఈలోగా అది ఒకవైపే నమలడం, మెతుకులు నోట్లోంచి జారవిడవడం, మనవడు తల నిమరబోతే గుర్రుమనడం మొదలుపెట్టింది. నోటి దుర్వాసనకు మా ఆవిడ దాన్ని వరండాలోంచి పెరట్లోకి పంపింది. “ముసలిదైపోయిందే, మనలాగే” అన్నాను. ఏడాదిపాటు అదే మాట. సర్వీసులో ఫైలు విప్పకుండా నోటు రాసినవాణ్ణి నేనెన్నడూ మెచ్చలేదు. టామీ ఫైలు మాత్రం విప్పకుండానే ‘వయోభారం’ అని రాసి మూసేశాను.

చివరికి మా అబ్బాయి పోరు పడలేక పశువైద్యుడి దగ్గరకు తీసుకుపోయాను. కుర్ర డాక్టరు కంటిని ఒక్క క్షణం చూసి, పై పెదవి ఎత్తి, “కన్ను కాదు సార్, పన్ను” అన్నాడు. పై దవడలో కత్తెరలా కోసే పెద్ద పన్ను ఒకటుంటుంది. దానికి మూడు వేళ్లు. గట్టి ఎముక కొరికినప్పుడు అది చిట్లి, లోపలి నరం చచ్చి, వేరుకు చీము పట్టింది. ఆ వేరు సరిగ్గా కంటి కిందికి వస్తుంది గనుక వాపు అక్కడ కనిపించింది. రక్తపరీక్ష చేసి, మత్తు ఇచ్చి, ఎక్స్‌రే తీసి, పన్నును మూడు ముక్కలుగా విడదీసి పీకాడు. మిగతా పళ్ల గార గీకాడు. మెలకువగా ఉన్న కుక్కకు పైపైన గీకితే లాభం లేదట. అసలు రోగం చిగురు కింద ఉంటుందట. వారం తిరిగేసరికి టామీ రెండువైపులా నమిలింది. నెలలోపల మనవడి చెప్పు ఎత్తుకుని వీధిలోకి పరుగెత్తింది. ముసలితనమని నేను పేరు పెట్టింది వట్టి నొప్పి. ఆ తరవాత మూడేళ్లు బతికి, 2021లో పోయింది. పెట్టుడు పళ్లకు ముందు ఒక్క పిప్పిపన్నుతో మూడు రాత్రులు నిద్రపోని నేను, ఏడాదిపాటు దాని నొప్పిని గుర్తించలేకపోయాను.

మనుమల పుణ్యమా అని నేడు చాలా పింఛనుదారుల ఇళ్లలో కుక్కో పిల్లో ఉంటున్నది గనుక, డాక్టరు చెప్పినవి నాలుగు మాటలు రాస్తాను. పెద్దకుక్కకు పళ్లు నలభై రెండు, పిల్లికి ముప్పై. మనలాగా పిప్పిపన్ను వాటికి అరుదు. గారపట్టి చిగుళ్లు చెడటమే ఎక్కువ. పిల్లికి మరో బాధ, చిగురు దగ్గర పన్ను తనంతట తానే కరిగి గుంటపడటం. అది ఎక్స్‌రేలోనే పూర్తిగా తెలుస్తుంది, సాధారణంగా పీకడమే వైద్యం. నోరు నొచ్చిన పిల్లి గిన్నె దాకా వచ్చి వాసన చూసి వెనక్కి పోతుంది. ఒళ్లు నాక్కోవడం మానేస్తుంది, బొచ్చు అట్టకడుతుంది. ఆకలి లేదనుకోకండి.

చిన్నప్పటినుంచి నోరు ముట్టనివ్వడం అలవాటు చేసి, కుక్కలకు అమ్మే పేస్టుతో మెత్తని బ్రష్షుతో రోజూ తోమితే గార పట్టడం చాలావరకు తగ్గుతుంది. మన పేస్టు వాడవద్దు. అవి ఉమ్మలేక మింగుతాయి. అందులో ఉండేదీ పొదిలి ఎద్దులను కుంటివి చేసిన ఫ్లోరిన్ జాతిదే. కొన్నింట్లో కలిపే జైలిటాల్ అనే తీపి కుక్కకు విషం. గోటితో నొక్కితే గంట పడనంత గట్టి ఎముక పెట్టవద్దు. అన్నిటికంటే ముఖ్యం, మన మోకాళ్ల నొప్పి మాత్ర వాటికి వేయవద్దు. పారాసెటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు.

దానమిచ్చిన ఆవు పళ్లు లెక్కపెట్టకూడదన్నారు పెద్దలు. అది మర్యాదకు చెప్పిన మాట. మనల్ని నమ్ముకున్న జీవం పళ్లు నెలకొకసారైనా చూడాలని నేను చెబుతాను. మా నాన్నగారు కొనేముందు ఎద్దు నోరు చూశారు. నేను పెంచిన తరవాత కుక్క నోరు చూడలేదు. ఇప్పుడు మా వాకిట్లో మనవడు తెచ్చిన కొత్త కుక్కపిల్ల ఉంది. దానికి పాలపళ్లు ఊడుతున్నాయి. ఆదివారం ఎముకకు బదులు, కళ్లజోడు పెట్టుకుని పెదవి ఎత్తి చూడటం నా పని.

సెలవు.