పదేళ్ల వీసా, ఆర్నెల్ల బస

శుక్రవారం పొద్దున. ఆత్మకూరు నుంచి వచ్చిన బస్సు అనుమసముద్రంపేటలో ఆగింది. దిగిన జనమంతా ఖాజా నాయబ్ రసూల్ దర్గా వైపు పోతున్నారు. వాళ్లతో పాటే మీరూ నడుస్తున్నారు. పూలు, అగరొత్తులు, చక్కెర పొట్లాల అంగళ్లు. ఒక పక్క కన్నడం, ఒక పక్క అరవం, ఉర్దూ, మధ్యలో మన నెల్లూరు యాస. ఆ వరసలోనే ఒక జిరాక్సు కొట్టు. మీకు కావాల్సింది ఆధార్ కాపీ ఒక్కటే. కానీ ముందు ఒక పెద్దాయన, ఆయన భార్య నిలబడున్నారు. ఆమె ముడిలో దర్గా దగ్గర కొన్న గులాబీ ఇంకా వాడలేదు.

"రెండు కాపీలు తియ్యబ్బయ్యా. అమెరికా వీసా పేజీ సరిగ్గా పడాల."

కుర్రాడు పాస్‌పోర్టు తెరుస్తాడు. మీరూ తొంగి చూస్తారు. చూడకూడదని తెలిసినా చూస్తారు, చూడనివాళ్లు ఎవరు? ఫొటో, పక్కన బి1/బి2, ప్రవేశాలు అన్నచోట ఒంటరిగా 'ఎమ్' అనే అక్షరం. అంటే ఎన్నిసార్లయినా పోవచ్చని. జారీ 2025లో, గడువు 2035 దాకా.

"పదేళ్లిచ్చినారు," అంటాడు పెద్దాయన, మీక్కూడా వినపడేటట్టు. "కోడలికి ఆగస్టులో కాన్పు. జనవరిలోనే పోయి, బిడ్డకి మూడో నెల పడినాక వస్తాం. రేత్రికి మావాడు టికెట్లు తీస్తాడు."

కుర్రాడు జిరాక్సు మిషన్ మూత వెయ్యకుండా ఆగాడు. "పెదనాయనా, జనవరి నుంచి నవంబరు దాకానా? అంతకాలం ఉండనియ్యరు."

"ఏందిరా? పదేళ్లుంటే!"

"ఈ తేదీ లోపల అక్కడికి పోయి లోపలికి రానియ్యమని అడగొచ్చు, అంతే. దిగినాక ఇమిగ్రేషన్ ఆఫీసరు ఎన్నాళ్లు రాస్తే అన్నాళ్లే. మామూలుగా ఆర్నెల్లు."

ఆఫీసరు రాసే ఆ తేదీ ఉండేది ఐ-94 అనే రికార్డులో. విమానంలో వచ్చేవాళ్లకి కాగితం కార్డు 2013లోనే పోయింది. ఇప్పుడదంతా కంప్యూటర్లోనే. దిగినాక ఐ-94 వెబ్‌సైటులో పాస్‌పోర్టు నంబరు కొట్టి చూసుకోవాలి. పదేళ్ల గడువుని పాస్‌పోర్టులో అచ్చేసి, అసలు లెక్కని అక్కడ పెట్టడం ఏం పద్ధతో మరి! ఇందులో ఇంకో విచిత్రం ఉంది. వీసా గడువు రేపటితో ముగుస్తున్నా ఇవాళ దిగి ఆర్నెల్లు ఇప్పించుకుంటే ఆ ఆర్నెల్లూ నిక్షేపంగా ఉండొచ్చు.

మీ వెనకనుంచి ఒక గొంతు. గల్ఫ్‌లో పనిచేసొచ్చిన మనిషి. "దుబాయ్ విజిట్ వీసా కూడా అంతే అన్నా. ఇచ్చినాక 60 రోజుల్లోపల దిగాల. దిగిన కాడినుంచి 30 రోజులో, 60 రోజులో. దాటితే రోజుకి 50 దిర్హాములు. కట్టేసి బయటపడతాం."

"అమెరికాలో డబ్బుతో పోదు," అంటాడు కుర్రాడు. ఐ-94 తేదీ ఒక్క రోజు దాటినా ఆ పదేళ్ల వీసా రద్దయినట్టే. 180 రోజులకు మించి ఉండిపోయి వెళ్తే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు మళ్లీ అడుగుపెట్టనివ్వరు. 1996 నాటి చట్టం అది. గడువు ముగియకముందే ఐ-539 ఫారం పెట్టి పొడిగింపు అడగొచ్చు. ఇస్తారన్న హామీ లేదు. ఆర్నెల్లుండి, వారం ఊరికొచ్చి మళ్లీ పోదామనుకుంటే, వీళ్లు చుట్టపుచూపుగా వస్తున్నారా, కాపురమే పెట్టారా అని ఆఫీసరుకి అనుమానం వస్తుంది.

పెద్దాయన నోట మాట లేదు. ఇంతసేపూ పలకని ఆమె వేళ్లు మడిచి లెక్కేస్తుంది. జనవరి నుంచి ఆరు. జులై. కాన్పు ఆగస్టు.

"అయితే మనం వచ్చేసినాక పుడతాడా మనవడు?" అని భర్తని నిలదీస్తుంది. మళ్లీ వేళ్లు మడుస్తుంది, ఈసారి జూన్ నుంచి. "జూన్‌లో పోతే డిసెంబరు మొదట్లో రావచ్చు గదయ్యా. కాన్పూ చూస్తాం, మూడో నెలా చూస్తాం. కొత్తావకాయ కూడా పట్టుకుపోవచ్చు."

పెద్దాయన జేబులోంచి ఫోను తీస్తాడు. అక్కడ ఇప్పుడు రాత్రి, కొడుకు ఇంకా పడుకోలేదు. "టికెట్లు ఆపరా!" అని అరుస్తాడు. మిషన్ మూత పడుతుంది, లోపల వెలుగు ఒకసారి అటునుంచి ఇటు పోతుంది. కుర్రాడు మీ ఆధార్ కోసం చెయ్యి చాపుతాడు.