ప్రాణంతో ఉన్న చేపకే పూర్తి తూకం: అమెరికాలో బ్యాస్ చేపల పోటీలు

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో వారాంతపు వేకువజామున జలాశయాల రేవుల వద్ద పడవలు బారులు తీరి ఉండటం సాధారణంగా కనిపించే దృశ్యం. స్థానిక క్లబ్బులు నిర్వహించే బ్యాస్ చేపల పోటీలకు వచ్చిన పడవలవి. గాలంతో పట్టిన ఐదు చేపల మొత్తం బరువు ఎవరిది ఎక్కువైతే వారే విజేతలు. వినడానికి నియమం ఇంతే. అయితే ఆ ఐదు చేపలూ ప్రాణాలతో తూకానికి రావాలి, తూకం పూర్తయ్యాక మళ్లీ నీటిలోకి వెళ్లాలి. పోటీ నియమావళిలో చాలా భాగం ఈ ఒక్క షరతు చుట్టూనే అల్లుకుని ఉంటుంది.

పెద్దనోటి బ్యాస్ ఉత్తర అమెరికా మంచినీటి చేప. నీటి మొక్కల మధ్య, మునిగిన చెట్ల మోళ్ల చాటున పొంచి ఉండి, దగ్గరికి వచ్చిన చిన్న చేపను, కప్పను ఒక్క ఉదుటున మింగేస్తుంది. స్వభావంలో ఇది మన కొరమీనును గుర్తుకు తెస్తుంది. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొరమీను తన పిల్లలను కాచుకున్నట్లే మగ బ్యాస్ కూడా గూడు వద్ద కాపలా ఉండి గుడ్లను, పిల్లలను కాపాడుతుంది. కొరమీను కోసం మన చెరువుల్లో గాలానికి కప్పను గుచ్చుతారు. బ్యాస్ పోటీల్లో మాత్రం జీవమున్న ఎరకు సాధారణంగా అనుమతి ఉండదు. రబ్బరు కప్ప, ప్లాస్టిక్ వానపాము, తళుకులీనే లోహపు రేకు వంటి కృత్రిమ ఎరలతోనే చేపను మభ్యపెట్టాలి.

ఈ పోటీలకు ఇప్పుడున్న రూపం ఇవ్వడంలో అలబామాకు చెందిన బీమా ఏజెంటు రే స్కాట్‌ది ప్రధాన పాత్ర. ఆయన 1967 జూన్‌లో ఆర్కన్సా రాష్ట్రంలోని బీవర్ లేక్‌లో నిర్వహించిన పోటీలో 106 మంది తలా 100 డాలర్ల రుసుము చెల్లించి పాల్గొన్నారు. మరుసటి ఏడాది ఆయన బ్యాస్ వేటగాళ్ల సంఘాన్ని స్థాపించారు. 1971లో లేక్ మీడ్‌లో జరిగిన తొలి బ్యాస్‌మాస్టర్ క్లాసిక్‌కు వెళ్లిన పోటీదారులకు తాము ఏ జలాశయానికి వెళ్తున్నదీ విమానం ఎక్కాకనే తెలిసింది. ముందుగా తెలిస్తే రహస్యంగా సాధన చేసి వస్తారన్నది నిర్వాహకుల ఆలోచన.

ఆ తొలి రోజుల్లో పట్టిన చేపలను తాడుకు గుచ్చి, చచ్చినవాటినే తూకానికి తెచ్చేవారు. పోటీలు పెరిగేకొద్దీ జలాశయాలు ఖాళీ అవుతాయన్న విమర్శ కూడా పెరిగింది. 1972లో స్కాట్ చేపను చంపవద్దన్న నినాదంతో సజీవ విడుదల విధానాన్ని ప్రవేశపెట్టారు. పడవల్లో నీరు, గాలి ప్రసరించే తొట్లు తప్పనిసరి అవసరమయ్యాయి. ఈ తొట్టినే 'లైవ్‌వెల్' అంటారు. మంచి గాలపు కర్రను డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు, కానీ లైవ్‌వెల్‌ను సరిగా చూసుకోవడం అనుభవంతోనే అలవడుతుంది.

స్థానిక పోటీలో చేరడానికి సొంత పడవ ఉండి తీరాలన్న నియమం లేదు. చాలా క్లబ్బుల్లో పడవ యజమానికి తోడుగా మరొకరిని చీటీ వేసి జతచేస్తారు. ఆ రెండో వ్యక్తి పడవ వెనుక భాగంలో నిలబడి గాలం వేస్తారు. పడవ ఎటు వెళ్లాలో నిర్ణయించేది ముందున్నవారే కనుక ఈ స్థానంలో ఓర్పు అవసరం. ఇంధన ఖర్చును ఇద్దరూ పంచుకోవడం మర్యాద. ప్రవేశ రుసుముల నుంచే బహుమతుల మొత్తం సమకూరుతుంది. అన్నిటికంటే బరువైన ఒక్క చేపకు వేరే బహుమతి ఉంటుంది, దాన్ని 'బిగ్ బ్యాస్' అంటారు. మన టెలివిజన్ కార్యక్రమానికీ దీనికీ ఎలాంటి సంబంధం లేదు.

బయలుదేరే ముందు లైవ్‌వెల్ ఖాళీగా ఉందో లేదో నిర్వాహకులు తనిఖీ చేస్తారు. లైఫ్ జాకెట్ ధరించాలి. పడవ నడిపే వ్యక్తి నీటిలో పడితే యంత్రం ఆగిపోయేలా చేసే తాడును ఒంటికి తగిలించుకోవాలి. 26 అడుగుల లోపు పడవలకు ఈ తాడు వాడకం 2021 ఏప్రిల్ నుంచి సమాఖ్య చట్టం ప్రకారం తప్పనిసరి. వెలుతురు రాగానే చీటీల వరుసలో పడవలు కదులుతాయి. సాయంత్రం నిర్ణీత సమయం దాటి తిరిగివస్తే ఆలస్యమైన నిమిషాల లెక్కన బరువులో కోత పడుతుంది, మరీ ఆలస్యమైతే అనర్హులవుతారు. గెలిచే చేపలు తొట్టిలో ఉండి కూడా యంత్రం మొరాయించినందున బహుమతి చేజారిన సందర్భాలు ప్రతి క్లబ్బులోనూ కథలుగా వినిపిస్తాయి.

ఐదు చేపలు దొరికాక ఆరోది పడితే అసలు లెక్క మొదలవుతుంది. ఐదింటిలో చిన్నదాన్ని నీటిలోకి వదిలి, కొత్తగా పట్టిన పెద్దదాన్ని ఉంచుకోవచ్చు. కొన్ని రాష్ట్రాల్లో ఈ మార్పిడిపై ఆంక్షలున్నాయి. ఏది చిన్నదో వెంటనే తెలిసేందుకు చేపల దవడకు రంగు గుర్తులు తగిలిస్తారు. కనీస పొడవు చాలాచోట్ల 12 లేదా 14 అంగుళాలు. అంతకు తక్కువ పొడవున్న చేపను తూకానికి తెస్తే జరిమానా తప్పదు. చచ్చిన చేపకూ జరిమానా ఉంటుంది, ఒక్కో చేపకు నాలుగు ఔన్సుల కోత ఎక్కువగా వాడుకలో ఉంది. పౌండుకు 16 ఔన్సులు. మొదటి, రెండో స్థానాల మధ్య తేడా తరచూ ఇంతకన్నా తక్కువే ఉంటుంది.

వేసవిలో చేపను ప్రాణాలతో ఉంచడం సులభం కాదు. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గుతుంది, చేప అవసరం మాత్రం పెరుగుతుంది. అందుకే తొట్టిలో పంపును ఆపకుండా నడుపుతారు, నీటిని జలాశయం కంటే కాస్త చల్లగా ఉంచుతారు. కుళాయి నీటితో చేసిన ఐసులో క్లోరిన్ ఉండవచ్చు కాబట్టి నేరుగా వేయకుండా మూత బిగించిన సీసాల్లో ఉంచి వాడతారు. చేప ఒంటిపై జిగురు పొర దానికి రక్షణ కవచం. పొడిచేత్తో పట్టినా, తివాచీపై పడేసినా అది చెరిగిపోతుంది. బరువైన చేపను దవడ పట్టుకుని నిలువుగా వేలాడదీస్తే దవడకు గాయమవుతుంది, రెండో చేతిని పొట్ట కింద ఆనించి అడ్డంగా పట్టుకోవాలి. బాగా లోతు నుంచి పైకి లాగిన చేపలో గాలి తిత్తి ఉబ్బి, అది వెల్లకిలా తేలుతుంది. అనుభవజ్ఞులు సూదితో ఆ గాలిని తీస్తారు. తెలియనివారు ప్రయత్నిస్తే లోపలి అవయవాలకే ముప్పు.

తూకం వేళ రేవు వద్ద కుటుంబాలు, పిల్లలు గుమిగూడతారు. ఉత్సాహంతో పాటు అనుమానం కూడా అక్కడ ఉంటుంది. పోటీదారు రోజంతా ఏం చేశాడో పూర్తిగా చూసినవారు లేరు, సాక్ష్యం చెప్పేది సంచిలోని చేపలే. 2022 సెప్టెంబరులో ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో జరిగిన పోటీ ఈ భయాన్ని నిజం చేసింది. అది బ్యాస్ పోటీ కాదు, ఎరీ సరస్సులో వాలై అనే చేపల పోటీ. చూపులకు కనిపిస్తున్న దానికంటే బరువు ఎక్కువగా ఉందన్న అనుమానంతో నిర్వాహకుడు అందరి ముందూ చేపను కోయగా పొట్టలోంచి సీసపు గుండ్లు బయటపడ్డాయి. ఇద్దరు పోటీదారులు మరుసటి ఏడాది నేరం అంగీకరించారు. వారికి పది రోజుల జైలు శిక్ష పడింది, పడవ జప్తయింది. టెక్సస్ రాష్ట్రంలో చేపల పోటీల్లో మోసానికి ప్రత్యేక చట్టమే ఉంది. బహుమతి 10 వేల డాలర్లు లేదా అంతకు మించితే అది తీవ్ర నేరంగా పరిగణన పొందుతుంది. పెద్ద బహుమతులున్న పోటీల్లో విజేతలకు సత్యశోధన పరీక్ష జరిపే నిబంధనకు కూడా ఈ అనుమానమే మూలం.

చేపను తిరిగి వదలడం అమెరికాలో గౌరవం తెచ్చిపెడుతుంది. జపాన్‌లోని బివా సరస్సులో అదే పని నిబంధనలకు విరుద్ధం. అక్కడ బ్యాస్ బయటి నుంచి వచ్చి స్థానిక జాతులను తినేస్తున్న చేప. అందుకే దాన్ని తిరిగి వదలకూడదని షిగా పాలనాయంత్రాంగం 2003 నుంచి ఆంక్ష అమలు చేస్తోంది. విచిత్రం ఏమంటే, ఈ సరస్సులోనే 2009లో పట్టిన ఒక బ్యాస్, 1932లో జార్జియాలో జార్జ్ పెర్రీ పట్టిన 22 పౌండ్ల 4 ఔన్సుల ప్రపంచ రికార్డుతో సమానంగా నిలిచింది. ఔన్సు లోపు ఎక్కువే తూగినా, రికార్డు బద్దలవ్వాలంటే కనీసం రెండు ఔన్సుల తేడా ఉండాలన్న నియమం అడ్డొచ్చింది.

భారతదేశంలో గాలపు క్రీడకు పేరెన్నికగన్నది మహసీర్ చేప. మైసూరుకు చెందిన వాన్ ఇంగెన్ 1946లో కబిని నదిలో పట్టిన మహసీర్ 120 పౌండ్లు తూగింది. కావేరి తీరంలో ఏళ్లపాటు పట్టి వదిలే శిబిరాలు నడిచాయి. రక్షిత ప్రాంతంలో గాలం వేయడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేటగానే లెక్కకు రావడంతో 2010 తరువాతి తొలి సంవత్సరాల్లో అవి మూతపడ్డాయి. కావేరి గూని మహసీర్‌ను 2018లో తీవ్రంగా అంతరించిపోతున్న జాతిగా గుర్తించారు. గాలం వేసేవారు నదిపై ఉన్నప్పుడు డైనమైట్ పేల్చి చేపలు పట్టే ముఠాలు దగ్గరికి రాలేదన్న వాదన నేటికీ వినిపిస్తోంది. దాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం.

తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో నివసించే డల్లాస్ నగరానికి తూర్పున ఉన్న లేక్ ఫోర్క్ బ్యాస్ వేటకు ప్రసిద్ధి. టెక్సస్‌లో 17 ఏళ్లు నిండినవారు గాలం వేయాలంటే లైసెన్సు తీసుకోవాలి. లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య పొడవున్న బ్యాస్‌ను ఉంచుకోకూడదు. 13 పౌండ్లు దాటిన చేప జనవరి నుంచి మార్చి లోపు దొరికితే రాష్ట్ర వన్యప్రాణి శాఖ దాన్ని ప్రత్యుత్పత్తి కేంద్రానికి అరువుగా తీసుకుంటుంది. ఈ పథకం 1986లో మొదలైంది. పాఠశాలలకు కూడా ఈ క్రీడ చేరింది. ఇల్లినాయ్ రాష్ట్రంలో ఉన్నత పాఠశాలల స్థాయిలో బ్యాస్ పోటీ అధికారిక క్రీడగా గుర్తింపు పొందింది.

తూకం ముగిశాక చేపలను రేవు పక్కనే వదిలేయడంపై జీవశాస్త్రవేత్తల్లో ఒక ఆందోళన ఉంది. ఎక్కడో మైళ్ల దూరంలో దొరికిన చేపలన్నీ ఒకేచోట గుంపుగా చేరి, కొన్ని వారాల తరబడి అక్కడే తచ్చాడుతాయి. కొన్ని తూకం ముగిసిన తర్వాతి రోజుల్లో చనిపోతాయి, ఆ లెక్క పలకపై రాసిన బరువుల్లో కనిపించదు. అందుకే కొన్ని పోటీల్లో పెద్ద తొట్లున్న ప్రత్యేక పడవ చేపలను జలాశయం నలుమూలలకూ తీసుకెళ్లి వదులుతుంది. మరికొన్ని చోట్ల అసలు రేవుకే తేవడం లేదు. పట్టిన వెంటనే పడవలోనే న్యాయనిర్ణేత సమక్షంలో తూచి, పట్టినచోటే వదిలేస్తున్నారు.