కొడిశయుఁ గొడిశపాలయు: సర్కారుసీమలో అడవిచెట్ల గుర్తింపు చరిత్రము

మన నిఘంటువులను దెఱచి యేదేని యడవిచెట్టు పేరు చూచినచోఁ దఱచుగాఁ గానవచ్చు నర్థము ‘వృక్షవిశేషము’ అనునది. తీగయైనచో ‘లతావిశేషము’, గడ్డియైనచో ‘తృణవిశేషము’. పాఠశాలలోఁ బద్యము చెప్పు పండితుఁడు ఈ ‘విశేషము’ను విద్యార్థి కందించును, విద్యార్థి దానిని బరీక్షలో వ్రాయును. ఇరువురిలో నెవ్వరును ఆ చెట్టును జూచియుండరు. చూచియున్నను ఇదియే యది యని యెఱుఁగరు. కావ్యార్థమున కింతమాత్రము చాలునని కొందఱందురు. నాకట్లు తోఁపదు. ఓషధుల విషయమున నైతే చాలకపోవుటయే కాదు, ప్రాణాపాయమును గలదు. ఇందుకు నిదర్శనముగాఁ దెలుఁగునేలను బెరుగు రెండు చెట్లను దీసికొని, అట్టివానిని నిశ్చయముగా గుర్తించుటకు 18వ శతాబ్దాంతమున సర్కారుసీమలో జరిగిన కృషిని ఇందు వివరింతును.

ఆ చెట్లలో నొకటి కొడిశ. దీనినే కడిశ యనియుఁ గొన్నిచోట్ల వొడిశ యనియు నందురు. తూర్పుకనుమలలోని యెండుటడవులలో విరివిగాఁ గానవచ్చు చిన్నచెట్టు. దీని యాకు ఘోరవిషము. ఆకురసముగాని కషాయముగాని లోనికిఁ బోయినచో మూత్రపిండములను గుండెను దెబ్బతీయును; దీనికిఁ బ్రత్యేకమైన విరుగుడు నేఁటికిని దొరకలేదు. రెండవది కొడిశపాల. సంస్కృతమున దీనిని కుటజ మందురు, గిరిమల్లిక యనియు నందురు. దీని పట్ట అతిసారమునకు మన వైద్యులు తరతరములుగా వాడుచున్న మందు, గింజలు ఇంద్రయవలు. మేఘసందేశమున యక్షుఁడు మేఘున కర్ఘ్యముగా నొసఁగిన పూవు లివియే. ఒకటి చంపును, ఒకటి బ్రతికించును. రెండు పేళ్ల నడుమ భేదము ‘పాల’ యను నొక్క శబ్దము. పత్రములోఁ బ్రమాదవశమున నది జాఱినచో నేమగునో చదువరులే యూహింపవచ్చును.

అయినను ఈ పేళ్లు పెట్టినవారు అజాగ్రత్తతోఁ బెట్టలేదు. ఆ ‘పాల’ శబ్దమే గుర్తు. కొడిశపాల యాకుఁ దుంచినచోఁ దెల్లని పాలు గాఱును. కొడిశ యాకుఁ దుంచినచోఁ బాలుండవు. కొడిశపాలకు ఆకులు కణుపునకు రెండేసి యెదురెదురుగా నుండును. కొడిశకు ఒకటి యిటు, ఒకటి యటుగా నుండును. కొడిశ యాకు గుండ్రనిది, బిరుసైనది. కాయ మూఁడు గదులు గలదై కఱ్ఱవలె గట్టిగా నుండును. కొడిశపాలకాయలు జంటలై, సన్నములై, జానెడుకంటె మించిన పొడవున వ్రేలాడును. ఇంతవఱకు ఏ బాలుఁడైనను ఒక్కమాఱు చూపినచో నేర్చుకొనును.

చిక్కు మూఁడవచెట్టుతో వచ్చును. అంకుడు అనునదియు నెదురెదురాకులు గలదే, పాలు గలదే, తెల్లనిపూలు పూచునదే, జంటకాయలు కాచునదే. ఏటికొప్పాక బొమ్మలు చేయువారు తరిణెపట్టునది ఈ కఱ్ఱనే. ఇది విషవృక్షము కాదు గాని, దీని పట్ట కొడిశపాలపట్టకు బదులుగా నంగడిలోఁ జెల్లుచుండును. వీనిని వేఱుచేయుటకుఁ బూవును విప్పి చూడవలెను. అంకుడుపూవున ఱేకుల మొదట గొట్టము నోట అంచుగా నొక కుచ్చు కలదు. పుప్పొడితిత్తులు శంకువువలెఁ గూడి వెలికిఁ బొడుచుకొని యుండును. కొడిశపాలపూవునఁ గుచ్చు లేదు; పుప్పొడితిత్తులు గొట్టములో దాఁగి యుండును. అంకుడు జంటకాయల కొనలు తొలుత నొకదానితో నొకటి యతుకుకొని యుండును. కొడిశపాలకాయలు విడివిడిగా నుండును. కాయ పగిలినపిదప గింజలఁ జూచినచో నింకొక గుర్తు కలదు: కొడిశపాలగింజకుఁ బట్టుకుచ్చు కాయకొన వైపునను, అంకుడుగింజకుఁ దొడిమ వైపునను ఉండును.

ఇట్లు పూవును విప్పి లెక్కించి చెట్టును నిశ్చయించు పద్ధతి మన తీరమునకుఁ దెచ్చినవాఁడు యోహాన్ గెర్హార్డ్ కోనిగు. ఇతఁడు స్వీడను దేశపు లిన్నేయసునకు శిష్యుఁడు. 1768లో డేనుల స్థావరమైన తరంగంబాడికి వైద్యుఁడుగా వచ్చి, పిదప ఆర్కాటు నవాబు కొలువునను, 1778 నుండి ఈస్టిండియా కంపెనీ కొలువునను ఉండెను. ఇతఁడు 1785లో నేఁటి కాకినాడలోఁ జేరిన జగన్నాథపురమునఁ గాలధర్మము నొందెను. అవసానమున నతనికి వైద్యము చేసినవాఁడు సామర్లకోట వైద్యుఁడు విలియం రాక్సుబరో. 1751లో స్కాట్లండునఁ బుట్టి, 1776లో మదరాసునకు వచ్చి, 1781 నుండి సామర్లకోట నుండిన యీ రాక్సుబరో ఆ పద్ధతిని గోదావరీమండలపుఁ గొండలకుఁ గొనిపోయెను.

అతని పని నిర్విఘ్నముగా సాగలేదు. 1787లోఁ గోరంగి తీరమును ముంచిన యుప్పెనలో నతఁడు దాఁక కూర్చిన కాగితములును ఎండబెట్టిన కొమ్మల సంచయమును నశించెను. మరలఁ దొలినుండి మొదలుపెట్టెను. కోనిగు తరువాతఁ గంపెనీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుఁడైన పాట్రికు రస్సెలు 1789లో స్వదేశమునకుఁ బోఁగా నా పదవియు నితనికే వచ్చెను. 1793లోఁ గలకత్తా తోఁటకు నధికారియై వెడలునప్పటికి సర్కారుసీమ చెట్లు వందలకొలఁది అతని యేర్పాటున వర్ణితములై చిత్రితములై యుండెను. వానిలో నేఱిన 300 పటములు కోరమాండలు తీరపు మొక్కలను పేరిట మూఁడు సంపుటములుగా 1795 మొదలు పాతికయేండ్లపాటు లండనునఁ బ్రకటింపఁబడినవి. అతని కాలమున వ్రాయించిన చిత్రములు మొత్తముమీఁద 2,500కు మించును. ఒక ప్రతి ఇంగ్లండులోని క్యూ తోఁటలోను, మఱియొకటి కలకత్తాలోను నిలిచినవి. ఆకు, పూవు, చీల్చినకాయ, గింజ వేఱువేఱుగా నిజప్రమాణమునఁ జూపిన యా చిత్రములను వ్రాసినవారు దేశీయ చిత్రకారులు. వారి పేళ్లు ముద్రితసంపుటములపై లేవు.

ఆ గ్రంథమున మనకుఁ బ్రధానమైన విషయ మింకొకటి. పెక్కు చెట్లకు లాటినుపేరుతోపాటు తెలుఁగుపేరును అతఁడు చేర్చెను. ముష్టి, మోదుగు, తీగమోదుగు, తుమికి మొదలగునవి చెవితో వినినట్లు రోమనులిపిలో వ్రాసికొనెను. దీర్ఘహ్రస్వములకు, ద-డలకు, ల-ళలకు నందు భేదము పాటింపఁబడలేదు. కొన్నిపేళ్లు మనవాఁడే చదివినను గుర్తుపట్టరాకున్నవి. అయినను ఆ వంకర పేళ్ల ప్రక్కనే చిత్రమును లక్షణములును ఉండుటచేత, 230 ఏండ్ల క్రిందట ఈ పేరు ఏ చెట్టునకుఁ జెల్లెనో నిశ్చయింపవచ్చును. మన కోశములలో నచ్చమైన వర్ణక్రమముతో నున్న పేళ్లకు ఈ సౌకర్యము లేదు. కొడిశను సైత మితఁడు రెండవసంపుటమునఁ గొండలలోని చెట్టుగాఁ బేర్కొని, దాని కాయపై పెంకు మిక్కిలి విషమని యిచటివారు చెప్పుదు రని సూచించెను. ఆ చెప్పినవా రెవ్వరో వ్రాయలేదు.

ఒక తెలుఁగుపేరు మాత్రము శాస్త్రములోనికే యెక్కినది. సోమిద యను వేఁపకుటుంబపు చెట్టు మన కొండలలోఁ గలదు: ఈనెకు నిరువైపుల జతలుగా నమరిన చిట్టాకులు, ఎఱ్ఱని చేవ, అయిదుపలకలుగాఁ బగులు కఱ్ఱకాయ, ఱెక్కలు గల గింజలు. పెరూదేశపు సింకోనాపట్టకు బదులుగా జ్వరములకుఁ బనికివచ్చునేమో యని రాక్సుబరో దీని పట్టను స్కాట్లండునకుఁ బంపెను. ఎడింబరోలో ఆండ్రూ డంకను 1794లో దీనిపైఁ బట్టపరీక్షకు వ్యాసము వ్రాయుచు ‘సోయ్మిదా’ యను మన పేరును గ్రహించెను. ఫ్రెంచి శాస్త్రజ్ఞుఁడు ఆడ్రియను ద జుస్యూ 1830లో దానినే ప్రజాతినామముగా స్థిరపఱచెను. జ్వరౌషధముగా సింకోనాను గెలువలేదు గాని పేరు నిలిచినది. మోదుగున కీ భాగ్యము పట్టలేదు. అది బ్యూటు ప్రభువు గౌరవార్థము ‘బ్యూటియా’ యయ్యెను. ఆ ప్రభువు మోదుగుపూవును జూచియుండఁడు.

లాటినుపేరున్నచోఁ బొరపాటే యుండదని భ్రమపడరాదు. అతిసారహరమని యర్థమిచ్చు పేరును 1753లో లిన్నేయసు పెట్టినది సింహళపు మొక్కకు. అది అంకుడుజాతిది, మన కుటజము కాదు. మందుచెట్టు పేరు మందుకాని చెట్టున కంటుకొనెను. ఈ చిక్కు నీ రెండు ప్రజాతులను వేఱుపఱచి విడఁదీసినవాఁడు రాబర్టు బ్రౌను. అది 1810 ప్రాంతపు మాట. పైనఁ జెప్పిన పూఁగుచ్చు, పుప్పొడితిత్తులు మొదలగు గుర్తుల విలువ యప్పుడు తేలినది. ఇందు గమనింపఁదగిన దొక్కటి. పేరు తప్పైనను దానికి మూలమైన యెండుకొమ్మయు వర్ణనమును నిలిచియున్నందునఁ దప్పు బయటపడెను. ‘వృక్షవిశేషము’ అని మాత్రము వ్రాసియున్నచోఁ దప్పో యొప్పో చూచుటకే యాధారము లేకపోవును.

మన పూర్వులు లక్షణముల నెఱుఁగరని దీని భావము కాదు, పేళ్లే సాక్ష్యము. ఏడాకులపాలను సప్తపర్ణ మందురు: కణుపుచుట్టు నాకులు, త్రుంచినఁ బాలు. ఆకులు ఎల్లప్పుడు ఏడే యుండవు. నాలుగు మొదలు ఏడింటికిఁ బైనను ఉండును. ఆ సంగతి విషమచ్ఛద మను పేరు చెప్పుచున్నది. శరత్తునఁ బూచు ననుట శారద మను పేరు చెప్పుచున్నది. అడవినాభిని లాంగలి యన్నవాఁడు నాఁగలివలె వంగిన దాని దుంపను ద్రవ్వి చూచెను. అగ్నిశిఖ యన్నవాఁడు వానకారునఁ బొదలపై వెనుకకు విఱిగి పసుపునుండి యెఱుపునకుఁ దిరుగు పూఱేకులను జూచెను. ఆకుకొనయే నులితీఁగయై ప్రాకుట దాని మఱియొక గుర్తు. ఆ దుంపయు విషమే, తినుగడ్డ యని పొరపడుటకు వీలైనదే. వనౌషధివర్గమును వల్లెవేయించు పండితుఁ డీ పర్యాయపదములను విడఁదీసి చెప్పినచో అవి గుర్తింపుపాఠములే యగును. వల్లెవేఁతలో నర్థము జాఱి శబ్దము మిగిలినది.

రాక్సుబరో పిదపఁ దెలుఁగుపేళ్లను లాటినుపేళ్లతో జతపఱచినవారిలో ముఖ్యుఁడు ఉత్తరసర్కారులకుఁ గమీషనరుగా నుండిన వాల్టరు ఎలియటు. అతని ‘ఫ్లోరా ఆంధ్రికా’ 1859లో మదరాసున వెలువడినది. బ్రౌణ్యదొర 1852 నాఁటి నిఘంటువులోఁ జెట్లకుఁ గొన్నింటికి శాస్త్రనామము లిచ్చెను. దేశభాషాకోశములను గూర్చిన మనవారు వీనిని బరిశీలించి స్వీకరింపవలసినంతగా స్వీకరింపలేదు. పరదేశీయులు వ్రాసినదని యుపేక్షించుట యొక కారణము. చెట్లపేళ్లు వైద్యులకు సంబంధించినవి, కవులకుఁ గావనుట మఱియొకటి.

ఈ పని యిప్పటికిని జేయవచ్చును. ప్రతిపండితుఁడు తన యూరి చుట్టు నున్న యడవిచెట్లలోఁ బదింటి పేళ్లను బ్రోగుచేసినఁ జాలును. పేరును దీర్ఘహ్రస్వములతోఁ దెలుఁగులిపిలోనే వ్రాయవలెను. పూవును గాయయుఁ గల కొమ్మను గాగితముల నడుమ నొత్తి యెండఁబెట్టవలెను. ఎండినపిదపఁ దెలియరాని రంగు, వాసన, పాలుగాఱుట మొదలగువానిని నాఁడే వ్రాసికొనవలెను. ఊరిపేరు, నెల, కొండయో యేటిగట్టో అను వివరము చేర్పవలెను. కొడిశపాల, అంకుడు రెండును వేసవిలోఁ బూచును గనుక మొదట వీనితోనే ప్రారంభింపవచ్చును. పేరు చెప్పినవాఁడు కొండరెడ్డియైనను, కోయయైనను, మేఁకలకాపరియైనను, అతని పేరును ఆ కాగితముమీఁదనే వ్రాయవలెను.