ఆదివారం ఆరింటికి వెళ్లే ఉత్తరం

శనివారం రాత్రి పదకొండు దాటింది. విజయవాడ సత్యనారాయణపురంలో మూడో అంతస్తు. కిటికీలోంచి డిసెంబరు చలిగాలి, పక్క వాటాలోంచి టీవీ మోత. అక్క ల్యాప్‌టాప్ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. గోళ్లలో కుండీల మట్టి ఇంకా పోలేదు. మిద్దెతోట పెంచేవాళ్లకి వారం వారం ఈమెయిల్లో ఉత్తరం రాస్తుంది. ఆరువందల చిల్లర మంది అడిగి మరీ తెప్పించుకుంటున్నారు.

"చదివి చెప్పరా," అని తెర నా వైపు తిప్పింది.

‘అందరికీ నమస్కారం. ఎలా ఉన్నారు? కార్తీకం వెళ్లి మార్గశిరం వచ్చింది...’ రెండు పేరాలూ చలి కబుర్లే. మూడో పేరాకి గానీ చిక్కుడుపాదు రాలేదు. నేను నోరు విప్పేలోపే తనే రెండూ చెరిపేసింది. "రేపల్లె పిన్నికి రాస్తే ఇట్లా రాస్తానా!" అని విసుక్కుంది. ఇప్పుడు ఉత్తరం ఇలా మొదలైంది: ‘నిన్న పొద్దున చిక్కుడు పూగుత్తి పట్టుకుంటే వేళ్లకి జిగురంటింది.’ నాకు వెంటనే మిద్దె మీదకి వెళ్లి చూడాలనిపించింది.

ఇక మకుటం. ‘మిద్దెతోట ఉత్తరం – 37వ సంచిక’ అని ఉంది. "ఫైల్లో పెట్టుకోడానికి బాగుంది," అన్నాను. మూతి ముడిచింది కానీ కొట్టేసింది. ‘మీ చిక్కుడు చచ్చిపోతోందా?’ అని టైపు చేసి, తల అడ్డంగా ఊపింది. భయపెట్టి తెరిపించినా, లోపల పేనుబంక కనబడేసరికి జనం నవ్వుకుంటారు. ఫోన్లో ఆ వరుస సగంలోనే తెగిపోతుంది, అసలు మాట ముందే ఉండాలి. చివరికి ‘చిక్కుడు పూతకి నల్ల పేనుబంక’ దగ్గర ఆగింది.

ఇన్‌బాక్సులో మకుటం పక్కనే బూడిదరంగులో ఇంకో ముక్క కనిపిస్తుంది. అక్కడ మనం ఏమీ రాయకపోతే ఉత్తరంలో మొట్టమొదట ఉన్నదే వచ్చి కూర్చుంటుంది. కిందటి వారం ‘ఉత్తరం సరిగా కనబడకపోతే ఇక్కడ నొక్కండి’ అని వెళ్లింది. శుభలేఖ కవరు మీద ప్రెస్సువాడి అడ్రసులాగా! ఈసారి ‘వేపనూనె ఎంత కలపాలి, ఏ వేళ చల్లాలి’ అని నింపింది.

"పేర్లు పెట్టవా?" అన్నాను. కళ్లెర్రజేసింది. పోయిన నెల పేరు దానంతటదే పడేట్టు అమర్చింది. ‘బుజ్జి గారూ’ అని కొందరికి, పేరు గడి ఖాళీగా వదిలేసినవాళ్లకి ‘ప్రియమైన గారూ’ అని వెళ్లింది. రెండ్రోజులు ఇంట్లో నన్నూ అలాగే పిలిచారు.

ఇంకో బెడద బరువుది. ఉత్తరం వెనకుండే కోడ్ సుమారు 102 కిలోబైట్లు దాటితే జీమెయిల్ మిగతాది కత్తిరించి దాచేస్తుంది. ఇంగ్లీషు అక్షరం ఒక బైటు తింటే, మన ‘క’ మూడు తింటుంది, ‘కా’ ఆరు, ‘క్ష’ తొమ్మిది. అయినా అసలు తిండిపోతులు మాటలు కావు, వాటి చుట్టూ అల్లిన రంగుల పెట్టెలు, గీతలు. అక్క వాటిని పీకేస్తోంది. ఎందుకంటే ఆమెకి కావాల్సింది ఉత్తరం అడుగున ఉంది: ‘మీ ఇంట్లో పేనుబంకకి ఏం చేసేవారు? ఒక్క ముక్క రాయండి.’

ఎంతమంది తెరిచారనే లెక్క చూడటం తను మానేసింది. ఆ లెక్క ఉత్తరంలో దాచిన చిన్న బొమ్మ మీద ఆధారపడుతుంది. 2021 నుంచి యాపిల్ మెయిల్ ఆ బొమ్మను తనే ముందుగా లాగేసుకుంటోంది, మనిషి చదివినా చదవకపోయినా. అందుకే అక్క జవాబులే లెక్కపెడుతుంది. ‘ఇక వద్దు’ అనే లంకెను కూడా కొంచెం పెద్దది చేసింది. దారి కనబడకపోతే స్పామ్ అని నొక్కుతారు, దాంతో మిగతావాళ్లకీ చేరడం కష్టమవుతుంది.

పన్నెండున్నరకి, అందరికీ పంపేముందు, తనకే ఒకటి పంపుకుని, ఫోన్లో పైకి చదివింది. నాలిక తడబడిన చోటల్లా వాక్యం విరిచింది. వేపనూనె ‘లీటరుకి 5 మిల్లీలీటర్లు, సబ్బునీళ్లు కలిపి, సాయంత్రం’ అన్న ముక్క మాత్రం కదపలేదు.

ఆరింటికి వెళ్లింది. చాప మీద నేనింకా కళ్లు నులుముకుంటున్నాను. ఆరూ పద్నాలుగుకి అక్క ఫోన్ మోగింది. ఎవరో పెద్దావిడ రాశారు: ‘మా అత్తగారు కట్టెల బూడిద చల్లేవారమ్మా. ఆకు మీద మంచు ఆరకముందే చల్లాలి, అప్పుడే అంటుకుంటుంది.’

అక్క టీ పక్కన పెట్టి ఆవిడకి జవాబు రాస్తోంది. వచ్చే ఆదివారం మకుటం బూడిదే.