ద్వీపాల్లో పుప్పొడి విశ్లేషణ: చరిత్ర

ద్వీపాల్లోని సరస్సులు, చిత్తడి నేలల అడుగున పేరుకున్న పుప్పొడిని పొరలవారీగా లెక్కించి, మనుషులు రాకముందు అక్కడ ఏ చెట్లుండేవో, వచ్చాక అవి ఏమయ్యాయో తెలుసుకునే పద్ధతి ఇది. పుప్పొడి రేణువు పైపొరలో స్పోరోపోలెనిన్ అనే మొండి పదార్థం ఉంటుంది. గాలి తగలని బురదలో అది వేల ఏళ్లు చెక్కుచెదరదు. మట్టి నమూనాను క్షారంలో వేడిచేసి, ఇసుక పాలును హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో కరిగించి, మిగిలిన దాన్ని స్లైడు మీదికెక్కించి సూక్ష్మదర్శిని కింద రేణువులను వందల సంఖ్యలో లెక్కపెడతారు. చెట్ల పుప్పొడి తగ్గుతూ, గడ్డి పుప్పొడి, ఫెర్న్ సిద్ధబీజాలు, బొగ్గు నలుసులు ఒకే పొరలో పెరిగితే అక్కడ అడవికి నిప్పు పెట్టారని అనుమానిస్తారు.

స్వీడన్‌కు చెందిన లెన్నార్ట్ ఫాన్ పోస్ట్ 1916లో ఈ లెక్కలను శాతాల పటంగా చూపారు. తొలి రైతులు అడవి నరికిన జాడలను 1941లో డెన్మార్క్ పుప్పొడి పటాల్లో గుర్తించినవారు జొహన్నెస్ ఐవర్సెన్. పసిఫిక్ ద్వీపాల్లో న్యూజిలాండ్ వృక్షశాస్త్రవేత్త లూసీ క్రాన్‌వెల్, హవాయిపై పనిచేసిన ఓలోఫ్ సెల్లింగ్ దారి వేశారు.

ఈ పద్ధతికి పేరు తెచ్చింది మాత్రం రాపా నుయి, అంటే ఈస్టర్ దీవి. 1722లో డచ్ నావికుడు రోగెవీన్ వచ్చేనాటికి అక్కడ పెద్ద చెట్లు దాదాపు లేవు. ఎండిన గడ్డి దూరానికి ఇసుకలా కనిపించింది. 1955–56లో నార్వే అన్వేషకుడు థోర్ హెయెర్‌డాల్ బృందం తెచ్చిన మట్టిలో సెల్లింగ్ తాటి కుటుంబపు పుప్పొడిని గుర్తించారు గానీ, దానిపై సవివరమైన వ్యాసం వెలువడలేదు. ఆ లోటు తీర్చినవారు బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ ఫ్లెన్లీ. 1977లో ఆయన రానో కావు, రానో రరాకు, రానో అరోయి అనే అగ్నిపర్వత బిలాల నుంచి మట్టి తీశారు. 1984లో సారా కింగ్‌తో కలిసి ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన ఫలితాలు స్పష్టమైనవి: గడ్డిమైదానంగా మిగిలిన దీవి ఒకప్పుడు తాళవృక్షాల అడవి. పుప్పొడిని బట్టి కుటుంబం తెలిసింది, జాతి తేలలేదు. గుహల్లో దొరికిన కాయలను పరిశీలించిన జాన్ డ్రాన్స్‌ఫీల్డ్ అది చిలీ తాళవృక్షానికి దగ్గరి చుట్టమని చెప్పి, 1991లో పాస్కలోకోకోస్ అని పేరుపెట్టారు. సరస్సుల్లోని టొటోరా తుంగను దక్షిణ అమెరికా నుంచి మనుషులే తెచ్చారని హెయెర్‌డాల్ వాదించేవారు. దాని పుప్పొడి మానవ ఆగమనానికి ఎంతో ముందటి పొరల్లోనే కనిపించడంతో ఆ వాదం నిలవలేదు.

చిక్కంతా కాలనిర్ణయంలోనే వచ్చింది. సరస్సు బురదలో పాత కార్బన్ కలిసిపోతే రేడియోకార్బన్ వయసు అసలుకంటే ఎక్కువ చూపుతుంది. రానో కావు మట్టిలో ఇలాంటి పొంతనలేని వయసులను 2004లో వెల్లడించిన వ్యాసానికి ఫ్లెన్లీ కూడా సహరచయితే కావడం మెచ్చదగినది. 2006లో పురావస్తు శాస్త్రవేత్తలు టెర్రీ హంట్, కార్ల్ లైపో మనుషులు వచ్చింది సుమారు 1200లోనని, కాయలను కొరికి తిన్న పసిఫిక్ ఎలుకలకూ అడవి నాశనంలో పెద్ద వాటా ఉందని వాదించారు. ఎలుక పళ్ల గాట్లున్న కాయలు నిజంగానే దొరికాయి. రానో రరాకు పొరల్లో మధ్యన కొన్ని వేల ఏళ్ల మట్టే లోపించడం వల్ల అడవి కొద్దికొద్దిగా పోయిందా, ఒక్కసారిగానా అన్నది చాలాకాలం ఎటూ తేలలేదు. స్పెయిన్‌కు చెందిన వాలెంటీ రుల్ బృందం కొత్త నమూనాలతో చేసిన పని ప్రకారం, అడవి ఒక్కో బిలం దగ్గర ఒక్కో కాలంలో తరిగింది.

ఇతర ద్వీపాల సంగతికొస్తే, న్యూజిలాండ్‌లో పదమూడో శతాబ్దం తర్వాతి పొరల్లో బ్రాకెన్ ఫెర్న్, బొగ్గు ఒక్కసారిగా పెరుగుతాయి. ఐస్‌లాండ్‌లో 870 ప్రాంతపు అగ్నిపర్వత బూడిద పొర తేదీని నికరం చేస్తుంది. దానిపైన బిర్చ్ తగ్గుతుంది. కానరీ దీవుల్లోని టెనెరిఫేలో ఓక్, హార్న్‌బీమ్ చెట్లు ఒకప్పుడు ఉండేవని 2009లో పుప్పొడి ద్వారానే బయటపడింది. 2021లో ‘సైన్స్’ పత్రికలో 27 ద్వీపాల పుప్పొడి రికార్డులను పోల్చారు. వాటిలో 24 చోట్ల మనుషులు వచ్చాక వృక్షజాలం మారే వేగం పెరిగింది. ఆ పెరుగుదల మధ్యగత విలువ 11 రెట్లు. గత 1,500 ఏళ్లలో మనుషులు చేరిన ద్వీపాల్లో ఈ మార్పు, అంతకుముందే జనావాసమైన వాటిలోకంటే వేగంగా సాగింది.