తోసేవాళ్లు యాడ?

మా ఫ్లాట్‌లో పుస్తకాల గది అని పేరున్న గదిని సగం ఒక ప్లైవుడ్ బల్ల ఆక్రమించింది. దాని మీద ఒక చిన్న రైల్వే ఉంది. లాక్‌డౌన్‌లో మొదలైన పిచ్చి, ఆఫీసులు తెరిచాక కూడా తగ్గలేదు. పోయిన ఏడాది ఆ రైల్వేకి ఒక టర్న్‌టేబుల్ కట్టి, దానికి మోటార్ పెడదామనుకున్నాను. రెండు వారాంతాల పని అనుకున్నది నాలుగు నెలలు పట్టింది. ఎందుకు పట్టిందో వెతుక్కుంటూ పోతే దాదాపు రెండు వందల ఏళ్లు వెనక్కి వెళ్లాల్సి వచ్చింది.

టర్న్‌టేబుల్ అనగానే చాలామందికి పాటల రికార్డు తిప్పే యంత్రం గుర్తొస్తుంది. నేను చెప్పేది రైల్వేవాళ్లది. గుండ్రటి గొయ్యి, మధ్యలో ఒక ఇరుసు, ఆ ఇరుసు మీద తిరిగే వంతెన, వంతెన మీద పట్టాలు. ఇంజన్ వచ్చి వంతెన మీద ఆగుతుంది. వంతెనని అరచుట్టు తిప్పితే ఇంజన్ ముఖం ఇటు నుంచి అటు మారుతుంది. తిరగలి చూసినవాళ్లకి ఇందులో కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు.

అసలెందుకు తిప్పాలి? ఇవాళ్టి కరెంటు ఇంజన్లకి చాలావాటికి రెండు వైపులా క్యాబిన్ ఉంటుంది. డ్రైవర్ అటు చివరకి నడిచి వెళ్లి కూర్చుంటే సరి. ఆవిరి ఇంజన్‌కి మాత్రం ముందూ వెనకా ఉన్నాయి. బొగ్గూ నీళ్లూ మోసే టెండర్ వెనక ఉంటుంది. టెండర్‌ని ముందు పెట్టుకుని పరిగెడితే దారి సరిగా కనపడదు, బొగ్గు పొడి కళ్లలో పడుతుంది, వేగం తగ్గించుకోవాలి. అందుకని లైను చివర ఇంజన్‌ని తిప్పాలి. చోటుంటే త్రికోణంగా మూడు లైన్లు వేసి, ముందుకీ వెనక్కీ నడిపి తిప్పుకోవచ్చు. చోటు లేనిచోట టర్న్‌టేబుల్.

1830లో లివర్‌పూల్–మాంచెస్టర్ లైను మొదలైనప్పుడు ఇవి చిన్న చిన్న పళ్లేలు. ఒక్కో పెట్టెని దాని మీదకి తోసి, పక్క లైనులోకి మళ్లించేవారు. ఆ తర్వాత ఎవరికో మంచి ఆలోచన వచ్చింది: టర్న్‌టేబుల్‌ని మధ్యలో పెట్టి, చుట్టూ చక్రం ఆకుల్లా లైన్లు వేసి, మొత్తం మీద కప్పు వేస్తే? అదే రౌండ్‌హౌస్. ఇంగ్లండ్‌లో డెర్బీలో 1839లో కట్టినది ఇంకా నిలబడి ఉంది, ఇప్పుడు అందులో ఒక కాలేజీ నడుస్తోంది. జపాన్‌లో క్యోటోలో 1914లో కట్టిన ఉమెకోజి షెడ్డు ఇప్పుడు మ్యూజియంలో భాగం. 20 లైన్లు, మధ్యలో టర్న్‌టేబుల్.

వీటన్నిటిలో నాకు నచ్చిన కథ లండన్‌లోని కామ్డెన్ రౌండ్‌హౌస్‌ది. 1847లో పూర్తయింది. 160 అడుగుల వ్యాసం, కప్పుని మోసే 24 పోత ఇనుప స్తంభాలు. ఇంత ఘనంగా కట్టిన షెడ్డు పదేళ్లు తిరిగేసరికి పనికిరాకుండా పోయింది. ఇంజన్లు పొడుగు పెరిగాయి. గొయ్యి పెరగలేదు. ఆ తర్వాత దాదాపు యాభై ఏళ్లు గిల్బీ కంపెనీవాళ్లు అందులో మద్యం నిల్వ చేశారు. 1966 అక్టోబర్‌లో అక్కడే ఒక పత్రిక ప్రారంభోత్సవానికి పింక్ ఫ్లాయిడ్ వాయించింది. ఇంజన్లు తిప్పలేని టర్న్‌టేబుల్ షెడ్డు చివరికి రికార్డు టర్న్‌టేబుల్స్ మీద తిరిగే పాటలకి వేదికైంది.

ఈ కథ చదివినప్పుడు నేను నవ్వలేదు. ఆఫీసులో ఒకప్పుడు ఎవరో ఒక పేరుకి ఇరవై అక్షరాలు చాలనుకుని డేటాబేస్ కట్టారు. ఆంధ్రావాళ్ల ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాస్తే పట్టదు. పదేళ్లుగా దాన్ని మార్చడానికి అందరికీ భయం. గొయ్యి తవ్వినవాడు తన కాలపు ఇంజన్‌ని కొలిచి తవ్వుతాడు. అమెరికాలో యూనియన్ పసిఫిక్ రైల్వే 1941లో బిగ్ బాయ్ అనే ఇంజన్లు తెచ్చుకుంది. టెండర్‌తో కలిపి 132 అడుగుల పైచిలుకు పొడుగు. వాటిని తిప్పడానికి 135 అడుగుల టర్న్‌టేబుల్స్ వేయించుకోవాల్సి వచ్చింది. ముందు ఇంజన్ వస్తుంది, దాని వెనకాల గొయ్యి పరిగెడుతుంది.

*

నా బల్ల మీది టర్న్‌టేబుల్ 28 సెంటీమీటర్లు. నా దగ్గరున్న ఇంజన్లు బ్రిటిష్ నమూనాలు, అసలుకి 76వ వంతు. ఆ లెక్కలో 28 సెంటీమీటర్లంటే 70 అడుగులు, ఇంగ్లండ్‌లో పెద్ద ఇంజన్లకి వేసిన కొలత. మన బ్రాడ్‌గేజ్ ఇంజన్ ఎందుకు పెట్టుకోలేదని అడుగుతారు. మార్కెట్లో దొరికే మామూలు నమూనా పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. మన 1676 మిల్లీమీటర్ల గేజ్‌ని 76తో భాగిస్తే 22 వస్తుంది. పట్టాలు, చక్రాలు అన్నీ సొంతంగా చేసుకోవాలి. అంత ఓపిక నాకు లేదు.

ప్లైవుడ్‌లో గుండ్రటి గొయ్యి కోశాను. పాత ప్రింటర్‌లోంచి ఊడదీసిన బేరింగ్ మధ్యలో పెట్టాను. వంతెనని ఇత్తడి కడ్డీలతో కట్టాను. కింద ఒక స్టెప్పర్ మోటార్. మామూలు మోటార్‌కి కరెంటు ఇస్తే తిరుగుతూనే ఉంటుంది. స్టెప్పర్ అలా కాదు, ఒక్కో పల్స్‌కి ఒక్కో అడుగు వేసి ఆగుతుంది. ఎన్ని అడుగులు వేయమంటే అన్నే వేస్తుంది. నేను వాడింది 28బీవైజే-48 అనే చవక రకం, కాలేజీ ప్రాజెక్టులు చేసే ప్రతి పిల్లాడి దగ్గరా ఉంటుంది. లోపల పళ్ల చక్రాలుంటాయి. చుట్టుకి 2048 అడుగులని అందరూ రాస్తారు. అరచుట్టుకి 1024. రెండు లైన్ల కోడ్.

మొదటిసారి తిప్పాను. వంతెన పట్టా, బయటి పట్టా రెండు మిల్లీమీటర్లు తేడాగా ఆగాయి. పూర్తి చుట్టు తిప్పితే నాలుగు మిల్లీమీటర్లు దాటింది. ఇంజన్ దాటబోయి గొయ్యిలోకి ముక్కు పెట్టింది.

నా వడ్రంగం మీద నాకు నమ్మకం తక్కువ. కాబట్టి గొయ్యి సరిగ్గా గుండ్రంగా రాలేదనుకున్నాను. మళ్లీ కోశాను. బేరింగ్ మార్చాను. రెండు వారాలు అలా పోయాయి. ఒక రాత్రి విసుగొచ్చి మోటార్ విప్పి పళ్లు లెక్కపెట్టాను. ముప్పైరెండుకి తొమ్మిది, ఇరవైరెండుకి పదకొండు, ఇరవైఆరుకి తొమ్మిది, ముప్పైఒకటికి పది. గుణిస్తే 64 రావాలి. వచ్చింది 63.684. అంటే చుట్టుకి 2048 అడుగులు కాదు, 2038కి కాస్త తక్కువ. నేను ప్రతి చుట్టుకీ పది అడుగులు ఎక్కువ వేయిస్తున్నాను. 14 సెంటీమీటర్ల వ్యాసార్ధం దగ్గర ఆ పది అడుగులే నాలుగు మిల్లీమీటర్ల పైచిలుకు. 64 అని మొదట ఎవరు రౌండ్ చేశారో గానీ, దాన్ని చూసుకోకుండా నమ్మింది మాత్రం నేనే.

ఆ అంకె సరిచేశాక కూడా పూర్తిగా కుదరలేదు. పళ్ల మధ్య సందు ఉంటుంది. కుడి నుంచి వస్తే ఒకచోట, ఎడమ నుంచి వస్తే ఇంకోచోట ఆగుతుంది. దానికి ఎప్పుడూ ఒకే వైపు నుంచి వచ్చి ఆగమని కోడ్ రాశాను. వంతెన కింద చిన్న అయస్కాంతం పెట్టి, దాన్ని పసిగట్టే సెన్సర్ పెట్టి, ప్రతి ఉదయం లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టమన్నాను. ఇంకో తలనొప్పి కరెంటుది. నమూనా రైలుకి కరెంటు పట్టాల్లోంచే వస్తుంది, ఒక పట్టా ప్లస్, ఒకటి మైనస్. వంతెన అరచుట్టు తిరిగితే ప్లస్ వెళ్లి మైనస్‌కి ఆనుకుంటుంది. షార్ట్ సర్క్యూట్.

ఈ దశలో నేను రోజూ బల్ల కిందే పడుకుని ఉండేవాణ్ని. మా ఆవిడ కాఫీ కూడా కిందకే ఇచ్చేది. ఇలా బల్ల కింద బతికినవాళ్లకి ఒక వంశం ఉంది. ఎంఐటీలో 1946లో విద్యార్థులు ఒక మోడల్ రైల్‌రోడ్ క్లబ్ పెట్టుకున్నారు. కొందరికి పైనున్న ఇంజన్లు, ఊళ్లు, రంగులు ఇష్టం. మరికొందరికి కింద, టెలిఫోన్ ఎక్స్ఛేంజీల రిలేలతో అల్లిన వైర్ల అడవి ఇష్టం. ఆ కింది జట్టే 1950ల చివర్లో కంప్యూటర్ గదిలోకి దూరింది. హ్యాక్, హ్యాకర్ అనే మాటలు ఇవాళ్టి అర్థంతో మా వృత్తిలోకి వచ్చింది వాళ్ల నోటి నుంచే. నేను జీతం తీసుకునే పని ఒక రైలు బల్ల కింద పుట్టిందని తెలిసిన రోజు కాస్త గర్వంగానే అనిపించింది.

కానీ నా సమస్యని తీర్చింది కింది జట్టు కాదు. పాత షెడ్డువాళ్లు.

*

అసలు టర్న్‌టేబుల్‌ని ఖచ్చితంగా ఎలా ఆపేవారు? అంచనాగా ఆపేవారు. దగ్గరికొచ్చాక వంతెన చివరనున్న గడియని బయటి అంచులోని గాడిలోకి తోసేవారు. గడియ పడిందంటే పట్టాలు కలిసినట్టే. నమూనాలు చేసే పాతతరం ఇంగ్లీషువాళ్లు ఆ గడియనే ఇత్తడితో చేసి, దానిలోంచే కరెంటు కూడా పంపించారు. రెండు ఇత్తడి గడియలు, ఒక్కో పట్టాకి ఒకటి. గడియ పడితేనే వంతెనకి కరెంటు. ఏ లైనుకి కలిస్తే ఆ లైను ప్లస్ మైనస్‌లే వంతెనకీ వస్తాయి కాబట్టి షార్ట్ అవదు. సరిగ్గా కుదరకపోతే ఇంజన్ కదలనే కదలదు, గొయ్యిలో పడదు. నేను మూడు నెలలు మూడు సమస్యలనుకున్నవాటికి ఒకే గడియ సమాధానం. పెట్టాను. పనిచేసింది.

ఆ వారమే మా పెదనాయన వచ్చాడు. ఆయన 1970లలో గుంతకల్లు వైపు మీటర్‌గేజ్‌లో ఖలాసీగా చేరి, ఫైర్‌మన్ అయి, డీజిల్ మీద రిటైరయ్యాడు. నేను బటన్ నొక్కాను. వంతెన సన్నగా గీ పెడుతూ తిరిగింది, ఆగింది, గడియ పడింది. పెదనాయన వంగి గొయ్యి చుట్టూ చూశాడు.

"తోసేవాళ్లు యాడరా?"

మోటార్ ఉంది కదా పెదనాయనా అన్నాను. ఆయన తలూపాడు గానీ, సంతోషపడలేదు. మెల్లగా ఆయన చెప్పిందీ, తర్వాత నేను చదివిందీ కలిపి రాస్తున్నాను.

వంద టన్నుల ఇంజన్‌ని ఇద్దరు మనుషులు తోసి తిప్పేవారు. బలం వల్ల కాదు. కావడి మోసేవాడు భుజం ఎక్కడ పెట్టుకుంటాడో అక్కడే కిటుకు. ఇంజన్ బరువు మొత్తం మధ్య ఇరుసు మీద పడేలా ఆగితే, వంతెన రెండు చివరలూ తేలిగ్గా ఉంటాయి. అప్పుడు గానుగ ఎద్దులా కడ్డీ పట్టుకుని నడిస్తే చాలు. ఇంజన్ ఒక అడుగు ముందుకో వెనక్కో ఆగితే, ఒక చివర చక్రాలు కింది పట్టా మీద కూర్చుంటాయి. ఇంక కదలదు. పైగా ఆ మధ్య బిందువు రోజూ ఒకచోట ఉండదు. టెండర్‌లో నీళ్లు నిండుగా ఉంటే ఒకచోట, ఖాళీ అయితే ఇంకోచోట. వంతెన ఒక వైపు నుంచి రెండో వైపుకి ఒరిగే క్షణాన్ని డ్రైవర్ కాళ్లతో కనిపెట్టి బ్రేక్ వేయాలి. "కిందోళ్లు తిట్టుకోకుండా నిలిపినోడే డ్రైవర్," అన్నాడు పెదనాయన.

టర్న్‌టేబుల్‌కి మోటార్ పెట్టడమంటే మనిషి శ్రమని తగ్గించడమనే నేను అనుకుంటూ వచ్చాను. అది సగమే నిజం. ఇంజన్లు పెరిగి, ఈ తూకం కుదరడం కష్టమయ్యాకే మోటార్ల అవసరం పెరిగింది. ఇంగ్లండ్‌లో ఇంజన్ వ్యాక్యూమ్ బ్రేక్‌కే గొట్టం తగిలించి, ఆ గాలితో టర్న్‌టేబుల్‌ని తిప్పే ఏర్పాటు చేశారు. అంటే ఇంజన్ తనని తనే తిప్పుకుంటుంది. అమెరికాలో ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో వంతెనని మధ్యలో రెండుగా విరిచి, బరువు ఇరుసు మీదా రెండు చివరలా కూడా పడేలా కట్టారు. ఇంక తూకం అక్కర్లేదు, ఎక్కడ ఆపినా మోటార్ లాగేస్తుంది. మనుషుల చేతులతో పాటు డ్రైవర్ కాళ్లలోని ఆ తెలివి కూడా అక్కడితో అక్కర్లేకుండా పోయింది. మన దేశంలో చిత్తరంజన్ కర్మాగారం 1972లో ఆవిరి ఇంజన్ల తయారీ ఆపేసింది. 1995 చివరికి బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి అయిపోయింది. తిప్పాల్సిన ఇంజనే లేనప్పుడు గోతుల్ని పూడ్చేశారు.

నా నమూనా ఈ విషయాన్ని నాకెందుకు చెప్పలేదు? లెక్క వేశాను. పొడుగు 76వ వంతైతే, బరువు 76 ఘనం, అంటే దాదాపు నాలుగు లక్షల నలభై వేల వంతు అవుతుంది. వంద టన్నుల ఇంజన్ నా బల్ల మీద పావు కిలో లోపే. వేలితో తిప్పచ్చు. తూకం ఎక్కడున్నా తేడా తెలియదు. కొలత మాత్రం పగబడుతుంది: నా దగ్గర ఒక మిల్లీమీటర్ తప్పు, అసలులో 76 మిల్లీమీటర్ల తప్పు. అక్కడ బరువే సమస్య, కొలతకి గడియ చాలు. ఇక్కడ కొలతే సమస్య, బరువుకి వేలు చాలు. అంతా అచ్చం అలాగే చిన్నదిగా చేశాననుకున్నాను. చిన్నదిగా చేయడంలోనే చెమట మొత్తం ఆవిరైపోయింది. చరిత్రని ఇంట్లో పట్టేంత చిన్నగా కట్టుకునేవాళ్లం, వ్యాసాలు రాసేవాళ్లతో సహా, ముందు పోగొట్టుకునేది దాని బరువునే అనిపిస్తుంది.

పెదనాయన వెళ్లాక రెండు బొమ్మలు తెప్పించాను. ఒక్కోటి 22 మిల్లీమీటర్ల మనిషి. చేతులు చాపించి, వంతెన కడ్డీకి ఆనించి అతికించాను. మోటార్ తిరిగితే వాళ్లు కూడా తిరుగుతారు. కాళ్లు కదలవు గానీ, దూరం నుంచి చూస్తే తోస్తున్నట్టే ఉంటుంది.

ఉగాదికి పెదనాయన మళ్లీ వచ్చాడు. నేనే పిలిచి చూపించాను. కళ్లజోడు సవరించుకుని వంగి, బొమ్మల్ని చూశాడు, తర్వాత ఇంజన్ ఎక్కడ ఆగిందో చూశాడు.

"రోంత ముందరికి నిలిపినావు ఇంజన్ని," అన్నాడు. "ఇద్దరితో యాడైతుందిరా. నలుగురు కావల్ల."