ప్రహరీ గోడ అనుమతి

ప్రహరీ గోడ అనగా ఇంటి స్థలం చుట్టూ హద్దుల వెంబడి కట్టుకునే గోడ. వాడుకలో దీనిని కాంపౌండు గోడ అని కూడా అంటారు. ఈ గోడ సైతం భవన నిర్మాణ నియమాలకు లోబడినదేనన్న సంగతి ఇల్లు కట్టినవారిలో చాలామందికి తెలియదు; ఆ ఇంటిని తరువాత కొన్నవారికి మరీ తెలియదు. పత్తి, మిర్చి పండే గుంటూరు, ప్రకాశం మైదానంలో పంట రాబడితో పట్టణంలో ఇల్లు కొనుక్కోవడం రైతు కుటుంబాలలో ఉన్న అలవాటు. అలా కొన్న ఇంటి ప్రహరీకి అనుమతి లేదని గాని, అది రోడ్డు స్థలంలో ఉన్నదని గాని ఆ తరువాత బయటపడినపుడు భారమంతా కొత్త యజమానిపై పడుతుంది.

కంచె నుండి గోడ వరకు

ఈ ప్రాంతంలో గోడ కంటె కంచె పాతది. పొలాలకు, దొడ్లకు తుమ్మకంపతో కంచె వేసేవారు. పల్నాడులో పిడుగురాళ్ళ, దాచేపల్లి, మాచర్ల ప్రాంతాలలో దొరికే నాపరాళ్ళను పలకలుగా నిలువునా పాతి హద్దు కట్టడం నేటికీ కనబడుతుంది. ప్రకాశం జిల్లాలో చీమకుర్తి గ్రానైటు క్వారీల రాతిని కంచె స్తంభాలుగా వాడతారు. పట్టణాలు పెరిగిన కొద్దీ వీటి స్థానంలో ఇటుక గోడలు వచ్చాయి.

కంపకంచె ఏటా వేసేది కాబట్టి ఏడాదికి ఒక జానెడు ఇటో అటో జరిగినా ఎవరూ పట్టించుకునేవారు కాదు. అదే గీత మీద తరువాత గోడ లేచినపుడు ఆ జరుగుడంతా శాశ్వతమైపోయింది. పాత డొంకల పక్కన వెలసిన పేటలలో ఇది ఎక్కువ. డొంక అనగా పొలాలకు బండ్లు పోయే దారి. రెవెన్యూ రికార్డులలో ఇది పోరంబోకు. డొంక తారురోడ్డుగా మారే నాటికి దాని అసలు వెడల్పు కొలిచి చూస్తే ఇరువైపుల ప్రహరీలు అందులోకి వచ్చి ఉండటం సాధారణం.

నల్లరేగడి నేల మరొక కారణం. ఈ నేల తడిసినపుడు ఉబ్బి, ఎండినపుడు కుంచించుకొని నెర్రెలు విచ్చుతుంది. లోతు తక్కువ పునాదిపై కట్టిన పొడవాటి గోడ కొద్ది సంవత్సరాలలోనే బీటలు వారి ఒక పక్కకు ఒరుగుతుంది. ఇటువంటి నేలల కొరకే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ అడుగున ఉబ్బెత్తుగా ఉండే అండర్ రీమ్డ్ పైలు పునాదులను అభివృద్ధి చేసింది. ఇంటికి వాటిని వేయించేవారు ఉన్నారు గాని ప్రహరీకి ఆ ఖర్చు పెట్టేవారు అరుదు. ఒరిగిన గోడను పడగొట్టి తిరిగి కట్టేటపుడు పాత గోడకు వెలుపల కొత్త పునాది తవ్వడం, దానికి మరల అనుమతి తీసుకోకపోవడం జరుగుతుంటాయి. కాగితంపై ఉన్న ప్లానుకు, నేలపై ఉన్న గోడకు తేడా ఈ విధంగా కూడా వస్తుంది.

చట్టంలో స్థానం

పురపాలక చట్టాల దృష్టిలో కట్టడం అంటే ఇల్లు ఒక్కటే కాదు, గోడ కూడా. పురపాలక సంఘాలకు 1965 నాటి ఆంధ్ర ప్రదేశ్ పురపాలక సంఘాల చట్టం, నగరపాలక సంస్థలకు 1955 నాటి నగరపాలక చట్టం వర్తిస్తాయి. గుంటూరు 1994లో, ఒంగోలు 2012లో నగరపాలక సంస్థలైనవి కనుక ఈ రెండు ఊళ్ళలోని పాత ఇళ్ళు మొదటి చట్టం కింద కట్టినవి కావచ్చు. అనుమతి లేని కట్టడాన్ని ఆపడానికి, తొలగించడానికి మొదటి చట్టంలో 228వ సెక్షను, రెండవ దానిలో 452, 636 సెక్షన్లు అధికారమిస్తాయి. గ్రామ పంచాయతీలలో 2002లో వచ్చిన లేఅవుటు, భవన నియమాలు ఉన్నాయి. రాజధాని ప్రాంతంలోని ఊళ్ళపై 2014 నాటి చట్టంతో ఏర్పడిన సీఆర్‌డీఏ పర్యవేక్షణ కూడా ఉంటుంది.

ఇంటి ప్లానుతో పాటు ప్రహరీని కూడా చూపి ఒకేసారి అనుమతి పొందడం మామూలు పద్ధతి. విడిగా కట్టుకునే చిన్న గోడకు ఎంతవరకు మినహాయింపు ఉన్నదో స్థానిక సంస్థలోని పట్టణ ప్రణాళికా విభాగం వద్దనే తెలుసుకోవలసి ఉంటుంది. ఎత్తు విషయంలో జాతీయ భవన నిర్మాణ స్మృతి ముందు వీధి మధ్య గీత మట్టం నుండి 1.5 మీటర్లను గరిష్ఠంగా సూచిస్తున్నది, పై 0.9 మీటరు భాగం జాలీ లేదా ఊచలతో తెరపిగా ఉంటే 2.4 మీటర్ల వరకు పోవచ్చును. ఈ స్మృతి సిఫారసు మాత్రమే.

మూలస్థలాల విషయంలో రాష్ట్ర నియమాలు ఖచ్చితమైనవి. రెండు రోడ్లు కలిసే చోట మలుపులో వచ్చే వాహనం కనబడటానికి స్థలం మూలను ఏటవాలుగా వదలాలి. రోడ్డు వెడల్పు 12 మీటర్ల లోపు ఉంటే 3 మీటర్లు, 24 మీటర్ల వరకు 4.5 మీటర్లు, ఆపైన 6 మీటర్ల చొప్పున రెండు వైపులా వదలవలసి ఉంటుంది. ఈశాన్య మూల తెగిపోతుందని వాస్తు భయంతో దీనిని పాటించని ఇళ్ళు ప్రతి పట్టణంలోనూ కనబడతాయి. రోడ్డు విస్తరణ ప్రణాళికలో పోయే భాగాన్ని అనుమతి సమయంలోనే స్థానిక సంస్థకు ఉచితంగా రాసివ్వడం మరొక నియమం. రాసిచ్చిన తరువాత కూడా పాత గోడను అక్కడే ఉంచి ఇల్లు అమ్మినచో, కొన్నవారు తమది కాని నేలను చుట్టి ఉన్న గోడకు యజమానులవుతారు.

దస్తావేజులో కనబడనిది

ఇల్లు కొనేవారు సాధారణంగా లింకు దస్తావేజులు, ఈసీ చూస్తారు. ఈసీలో క్రయవిక్రయాలు, తనఖాలు తెలుస్తాయే గాని కట్టడానికి అనుమతి ఉన్నదా అన్నది తెలియదు. దస్తావేజులోని చెక్కుబందిలో నలుదిక్కుల హద్దులు రాస్తారు. తూర్పున ‘పంచాయతీ బాట’ అని ఉంటుంది, ఆ బాట ఎన్ని అడుగులో ఉండదు. విస్తీర్ణానికి, హద్దులకు పొంతన కుదరనపుడు కోర్టులు సాధారణంగా హద్దులకే విలువనిస్తాయి. గ్రామకంఠంలోని ఇళ్ళకైతే విడి సర్వే నంబర్లే ఉండవు కనుక, గోడ ఎక్కడ ఉన్నదో అదే హద్దు అన్నట్లు చలామణి అయినది. కేంద్రం 2020లో ప్రారంభించిన స్వామిత్వ పథకం ఈ ఇళ్ళకు డ్రోన్లతో కొలతలు తీయడానికి ఉద్దేశించినది.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ప్రకారం, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్య లోపం తనకు తెలిసి ఉంటే అమ్మేవాడు దానిని చెప్పి తీరాలి. చెప్పకపోతే అది మోసం కింద లెక్క. అయితే మంజూరైన ప్లాను అడిగి చూసి ఉంటే తెలిసేది కదా అని అమ్మకందారు వాదించవచ్చు. అందువలన ప్లాను నకలు కొనేముందే తీసుకొని టేపుతో గోడను కొలవడం మేలు. ప్లాను లేదని అమ్మేవారు చెప్పినచో 2005 సమాచార హక్కు చట్టం కింద పురపాలక కార్యాలయాన్ని అడగవచ్చు. సర్వే హద్దు కొరకు ఎఫ్‌లైన్ అర్జీ పెట్టుకుంటే సర్వేయరు క్షేత్ర కొలతల పుస్తకాన్ని బట్టి హద్దు చూపిస్తాడు. పొరుగువారికి కూడా నోటీసు ఇచ్చి, వారి సమక్షంలో ఇది జరగడం వలన తరువాతి తగాదాలు చాలావరకు తప్పుతాయి.

క్రమబద్ధీకరణ

ఇంటి చుట్టూ వదలవలసిన ఖాళీ తగ్గడం, ప్లానును అతిక్రమించడం వంటి లోపాలను రుసుముతో సరిచేయడానికి ప్రభుత్వం బీపీఎస్ అనే పథకాన్ని 2007 డిసెంబరు 31న తెచ్చింది. దానిని 2015లో, 2019లో మరల ప్రకటించారు. ప్రతిసారీ ఒక గడువు తేదీకి ముందు కట్టినవాటికే అవకాశం. రోడ్డు, చెరువు, ప్రభుత్వ స్థలాలలో ఉన్న కట్టడాలకు ఇది వర్తించదు. అనగా సొంత స్థలంలో కట్టిన భవనపు లోపం డబ్బుతో తీరవచ్చు గాని, డొంకలోకి జరిగిన ప్రహరీ తీరదు. ఎన్నో ఏళ్ళుగా ఉన్న గోడ కదా అన్న వాదన కూడా ఇక్కడ అంతగా పనికిరాదు. 1963 కాలపరిమితి చట్టం ప్రకారం ప్రైవేటు స్థలానికి 12 ఏళ్ళయితే ప్రభుత్వ భూమికి, పురపాలక వీధులకు 30 ఏళ్ళు.

ఇప్పటం ఉదంతం

మంగళగిరి తాడేపల్లి నగరపాలక సంస్థ పరిధిలోని ఇప్పటంలో 2022 నవంబరు 4న రోడ్డు విస్తరణ కొరకు పలు ఇళ్ళ ప్రహరీ గోడలను, ముందు భాగాలను అధికారులు కూల్చివేశారు. అదే సంవత్సరం మార్చి 14న జరిగిన జనసేన పార్టీ సభకు ఆ ఊరి రైతులు స్థలం ఇచ్చినందుకే ఇది కక్షసాధింపు అని గ్రామస్థులు, ఆ పార్టీ ఆరోపించారు. ఆక్రమణలనే తొలగించామని, ముందుగా నోటీసులు ఇచ్చామని అధికారులు చెప్పారు. హైకోర్టు మొదట కూల్చివేతపై స్టే ఇచ్చింది. నోటీసులు అందిన సంగతిని పిటిషనర్లు దాచారని తేలడంతో నవంబరు 24న 14 మందికి ఒక్కొక్కరికి లక్ష రూపాయల జరిమానా విధించింది. ఉద్దేశాలపై వివాదం ఎలా ఉన్నా, నోటీసును పక్కన పెట్టిన ఇంటివారికి కోర్టులో బలం ఉండదన్నది ఈ వ్యవహారంలో స్పష్టమైనది.

నోటీసు అందిన తరువాత

నోటీసులో చెప్పిన గడువులోగా ప్లాను, దస్తావేజు, సర్వే నకళ్ళతో రాతపూర్వకంగా జవాబిచ్చి రసీదు తీసుకోవాలి. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం కూల్చివేతకు ముందు కనీసం 15 రోజుల నోటీసు, యజమాని వాదన వినడం తప్పనిసరి. కాని రోడ్డు, వీధి, కాలిబాట, రైలుమార్గం పక్క స్థలం, నదీ ప్రాంతం వంటి బహిరంగ స్థలాలలోని కట్టడాలకు ఈ రక్షణ లేదని అదే తీర్పులో ఉన్నది. ప్రహరీ గోడల తగాదాలలో చాలాభాగం వీధి అంచునే కనుక ఈ మినహాయింపు ముఖ్యమైనది. అదే సంవత్సరం డిసెంబరు 17న ఇచ్చిన మరొక తీర్పులో సుప్రీంకోర్టు, భవనం పూర్తయినట్లు ధ్రువపత్రం చూసిన తరువాతనే బ్యాంకులు ఆ ఇంటిపై అప్పు ఇవ్వాలని ఆదేశించింది.